కాచి చల్లార్చిన శాంపిలు

సభాధ్యక్షులు, మా ఇంజినీరు జగదీశ్వరరావు గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి ఉద్యోగులకు, వెనక గోడవారగా నిలబడ్డ అచ్చియమ్మకు నమస్కారం. అచ్చియమ్మా, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చో. పెద్దలేమీ అనుకోరు, అనుకున్నా ఈ పూట పైకి అనలేరు. (నవ్వులు)

నా రిటైర్మెంటు సభ కదా, నేను లేకపోతే మన మునిసిపాలిటీ నీటి ల్యాబే లేదని ఇందాక పొగిడారు. నిజమే, రేపటి నుంచి దానికి తాళమే. మందు చుక్క వేస్తే నీళ్లు పసుపురంగుకు తిరిగాయా, క్లోరిన్ ఉన్నట్టే, ఊరంతా క్షేమమే అని ఇంటికెళ్లి నిద్రపోయే ఆఫీసు మనది.

అచ్చియమ్మ వీధి కుళాయికి నీళ్లిచ్చే బోరుకు ఎగువన ఫ్యాక్టరీల ఖాళీ డ్రమ్ములు కడిగే షెడ్డు వెలిసింది. ఆవిడ బిందెతో నా దగ్గరకొచ్చి, "అమ్మా, కుళాయి నీళ్లు పెయింటు కంపు కొడతన్నాయి. మనవరాలికి పట్టమంటావా, వద్దంటావా, ఏటో ఒకటి బేగి సెప్పు" అంది. అలాంటి కెమికల్స్ కనిపెట్టే మిషను మన దగ్గర లేదు. విశాఖ ల్యాబుకు పంపాలని పోరి పోరి ఒప్పించాను.

తర్వాతి కథ మీ అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు కనుక నేనే చెబుతాను. నేను సెలవులో ఉన్న రోజు చూసి శాంపిలు తీయించారు. పెద్ద ల్యాబుకు వెళ్లే నీళ్లు కదా, పరువు సమస్య. గుడ్డలో వడగట్టి, మన టీ స్టవ్వు మీద కళపెళా కాచి, చల్లార్చి, పెళ్లివారికి పంపినట్టు పంపారు. గాలి తగిలితేనే ఎగిరిపోయే కెమికల్స్ స్టవ్వు మీద ఆగుతాయా? ఏమీ లేవని రిపోర్టొచ్చింది, జిలేబీలు పంచారు. "మురికినీళ్లు అలాగే పంపితే మనకేటి మర్యాదండీ" అని ఆ నీళ్లు కాచిన మన అటెండరు సింహాద్రి నన్నే అడిగాడు. అతణ్ణి అనను, చెప్పినట్టు చేశాడు. కాయించిన వారిని అంటున్నాను.

మళ్లీ తీద్దామంటే, "లేదని తేలాక వెతకడమెందుకమ్మా" అని అధ్యక్షుల వారు సెలవిచ్చారు. పిల్లి కళ్లు మూసుకుని తాను పాలు తాగుతుంది. మనం కళ్లు మూసుకుని ఊరి చేత నీళ్లు తాగిస్తున్నాం.

నాకు ఏడుపొస్తోంది, మిమ్మల్ని వదిలి వెళ్తున్నందుకు కాదు. ఇన్నేళ్లు కెమిస్టుగా ఉండి కూడా ఆ పిల్లకు నీళ్లు పట్టొచ్చో లేదో ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

శాలువా కప్పారు, సంతోషం. నా కుర్చీ పక్కన మీరు దండలు పడేసిన థర్మోకోల్ పెట్టెలో స్వీట్లున్నాయనుకుంటున్నారేమో. పొద్దున అచ్చియమ్మ కుళాయి దగ్గర, ఆవిడ చూస్తుండగా, గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపిన సీసాలున్నాయి. ఎవరూ కాచలేదు. నిన్నటిదాకా పంపడానికి మీ అనుమతి కావాల్సి వచ్చేది. ఇప్పుడు కుళాయి నీళ్లు తాగే మనిషిగా నేనే తీసుకెళ్తున్నాను.

భోజనానికి ఉండమన్నారు, మన్నించండి. సీసాలు చల్లగా ఉండగానే ల్యాబుకు చేరాలి, నర్సీపట్నం కాంప్లెక్సులో విశాఖ బస్సు సిద్ధంగా ఉంది. అచ్చియమ్మా, ఆ దండలు తీసి బల్ల మీద పెట్టి, పెట్టె అటువైపు పట్టుకో. ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఐసు కరిగిపోతోంది, సెలవు.