ఆదివారం బయల్దేరి శనివారం చేరిన కారు

బరువు లేని కారు గురించి వినాలంటే బరువైన మనిషి దగ్గరే వినాలి. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున మెకానిక్ షెడ్డు పక్కన టీకొట్టులో, నలుగురు పట్టే బెంచీని ఒక్కడే ఆక్రమించుకుని కూర్చున్నాడు. ఆరడుగుల పైన రెండంగుళాలు, దానికి తగ్గ పొట్ట. అందరూ ఆయన్ని ఫుల్‌స్పీడు బాబాయి అంటారు. ఆ స్పీడు బండిదా నోటిదా అని ఎవరూ అడగలేదు.

ఆయన ఎదురుగా స్టూలు మీద, బళ్లో కొత్తగా చేరిన పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నవాడు బస్సు డ్రైవరు. ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపి, రెండు నెలల కిందటే రిటైరయ్యాడు. కారు కొందామని వచ్చాడు. మామూలు కారు కాదు. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకి జానెడెత్తున పోయే చిన్న స్పోర్ట్స్ కారు. అదీ సెకండ్ హ్యాండుది.

ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వకండి. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య ఒకసారి ఆయన బస్సెక్కింది. మూడో వరసలో సీటు దొరికింది. సాయంత్రం ఇంటికొచ్చి "ఎలా నడిపాను?" అని ఆశగా అడిగితే, "నీ మెడ వెనకాల పుట్టుమచ్చ ఉంది, చూసుకున్నావా?" అంది. అంతే, ఆమెకి కనిపించింది అదే. ఆ రోజు నుంచీ ఆయనకి ఒకటే కోరిక, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడపాలని. వెనక సీటున్న కారైతే చుట్టాలెక్కుతారు, మళ్లీ బస్సే అవుతుంది. అందుకని రెండు సీట్లది.

ఆమె కాదనలేదు కానీ గుమ్మం దగ్గర ఆపి ఒక మాట చెప్పింది. "నిన్ను మాటల్లో పెడితే గోడకి కూడా టికెట్టు కొడతావు. ఆ కుట్టుమిషను గుర్తుందిగా?" ఎవడో బ్రహ్మాండం అంటే నమ్మి కొన్న కుట్టుమిషను అది. ఇప్పటికీ పూలకుండీకి స్టాండుగా పనికొస్తోంది, అంతకుమించి ఒక్క కుట్టు వెయ్యలేదు. ఈసారి కూడా మోసపోతే ఆమె ఏమీ అనదు, అదే ఆయన భయం. పోనీ ఆలోచించుకుని రేపొద్దామా అంటే, పదకొండింటికి ఇంకో పార్టీ వస్తోంది. ఇప్పుడు తొమ్మిదిన్నర.

ఆ టీకొట్టుకో పద్ధతి ఉంది. ఆదివారమైతే ఊళ్లో ఉన్న చిన్న స్పోర్ట్స్ కార్ల వాళ్లంతా అక్కడే చేరతారు. కొనడానికి ఎవరొచ్చినా ముందు ఓనర్లు తలా ఒక సలహా చెప్పాలి. సలహాలన్నీ విన్నాకే తాళం చేతికొస్తుంది. కళ్లద్దాల షాపాయన "కాళ్ల కింద తివాచీ ఎత్తి చూడు, తడి ఉంటే టాపు కారుతున్నట్టే" అన్నాడు. మెకానిక్ "ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చెయ్యి, ముందే వేడెక్కించి పెట్టారంటే ఏదో దాస్తున్నట్టే" అన్నాడు. ఇక మిగిలింది బాబాయి. అమ్మకానికున్న ఆకుపచ్చ కారు కూడా ఆయనదేనట.

డ్రైవరు వెళ్లి బానెట్టు మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది.

"ఇందాకే కదా నడుపుకుంటూ వచ్చాను, వేడిగా ఉండదూ?" అన్నాడు బాబాయి, టీ గ్లాసు కింద పెట్టి. "కూర్చో తమ్ముడూ. వీళ్లు చెప్పేవి పుస్తకాల్లో సలహాలు. నేను చెప్పేది అనుభవం. తేలికైన బండి కొనేవాడు ముందు తెలుసుకోవాల్సింది దాని తేలిక. కొన్న కొత్తలో ఓసారి టైరు పంక్చరయింది. జాకీ లేదు. ఏం చేస్తాం, నేను ఒక్క చేత్తో బండి ఎత్తి పట్టుకున్నాను, పక్కనే మా ఆవిడ ఉంది కదా, ఆవిడ టైరు మార్చేసింది. రెండో చేత్తో నేను అరటిపండు తింటున్నాను. అబద్ధమైతే అడుగు."

"ఎవర్ని అడగాలి బాబాయ్, అరటిపండునా?" అంది టీకొట్టు అక్క, పాలు కలుపుతూ.

"నవ్వుకోండి. అసలు సంగతి గాలి. తమ్ముడూ, నీ బస్సుకి గాలంటే లెక్కలేదు. దీనికలా కాదు. తలుపు గట్టిగా వేస్తే రెండడుగులు పక్కకి జరుగుతుంది. అందుకని రోజూ బట్టలారేసే తాడుతో గేటుకి కట్టేవాణ్ని. ఒకరోజు మర్చిపోయాను. పొద్దున్నే లేచి చూస్తే గేటుంది, తాడుంది, కారు లేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడిళ్ల అవతల మేడ మీద, దుప్పట్ల మధ్య వేలాడుతోంది. ఆ ఇంటావిడ మంచిది. ఎవరిదో పాపం ఎగిరొచ్చిందని బంపరుకి రెండు క్లిప్పులు పెట్టింది. అప్పటికే ఒకవైపు ఆరిపోయింది కూడానూ."

"తిప్పి వెయ్యలేదా బాబాయ్, రెండోవైపు?" అన్నాడు మెకానిక్.

"వేసింది. అందుకే రంగు అన్నివైపులా సమానంగా ఉంటుంది, చూస్కో."

డ్రైవరు పొలమారి టీ మీదేసుకున్నాడు. అబద్ధమని తెలుస్తూనే ఉంది. అయినా లోపల ఏదో గిలిగింతలు పెట్టినట్టుంది. బస్సు జీవితంలో ఎన్నడైనా ఒక అంగుళం ఎగిరిందా పాడా? నవ్వు దాచుకోవడానికి తల వంచితే బాబాయి బూట్లు కనిపించాయి. కుడిది నల్లగా నిగనిగలాడుతోంది. ఎడమది నీళ్లలో నాని నాని, అంచుల్లో తెల్లటి చారలు కట్టి ఉంది. ఇదేం చోద్యం, ఒకే జత కదా అనుకున్నాడు. అంతలో బాబాయి గొంతు పెంచాడు.

"తేలిక సరే, ఇక స్పీడు చెప్తా విను. వీధి మొదట్లో హారన్ కొట్టాను. ఇంటికి చేరాను, బండి పెట్టాను, కాళ్లు కడుక్కున్నాను, మంచినీళ్లు తాగుతున్నాను, అప్పుడొచ్చింది హారను! 'ఎవరో వచ్చినట్టున్నారు చూడండి' అంటుంది మా ఆవిడ. ఎవరొస్తారు, నేనే! ఇంకోసారి మలుపు తిరుగుతుంటే ముందు ఎవడో ఆకుపచ్చ బండివాడు, దారివ్వడు. నాకు ఒళ్లు మండింది. లైట్లు వేశాను, కేకలేశాను. పక్కనే ఉన్న మా ఆవిడ 'నంబరు చూడండి' అంది. చూస్తే ఏముంది, నా నంబరే. నా వెనక బంపరు వెనకాలే నేను పోతున్నాను!"

"మరి ఓవర్‌టేక్ చేశావా?"

"చేద్దామనుకున్నా కానీ, మనవాడే కదా అని వదిలేశాను."

కళ్లద్దాల షాపాయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. టీకొట్టు అక్క చేతిలో వడపోత గిన్నె పక్కకి పోయింది. బాబాయి మాత్రం నవ్వలేదు. కోతలు కోసేవాడు తాను నవ్వకూడదు, అది వాళ్ల నియమం.

"అంత స్పీడున్నా నాకు తృప్తి లేదు తమ్ముడూ. ఇంకా తేలిక చెయ్యాలనుకున్నాను. స్టెప్నీ తీసేశాను. సీటు మీద గుడ్డ తీసేశాను. టైర్లలో గాలికి కూడా బరువుంటుంది కదా, సగం తీసి ఇంట్లో డబ్బాలో పోసి పెట్టాను. చివరికి మాటలకి కూడా బరువుంటుందని, బండిలో కూర్చున్నంతసేపూ నోరు మూసుకుని మౌనంగా ఉండేవాణ్ని."

"నువ్వా? మౌనంగానా?" అక్క గరిటె పడేసింది. "బాబాయ్, ఎగిరిందన్నావు, నమ్మాను. ఆరేశారన్నావు, నమ్మాను. ఇది మాత్రం నమ్మను."

"నమ్మకపోతే పోయావు. ఆ మౌనంతో ఒక ఆదివారం పొద్దున బయల్దేరాను. ఊరు చుట్టూ రోడ్డు ఎక్కాను. చక్రాలు నేలకి ఆనడం లేదు, అందుకే పదకొండేళ్లైనా టైర్లరగలేదు. మధ్యలో వాగు పొంగుతోంది. ఆగుతామా? నీళ్ల మీంచే పోయాం. చేపలు తలెత్తి చూసి, అప్పటికే మేము లేకపోయేసరికి ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకున్నాయి. ఒక చుట్టు చుట్టి ఇంటికొచ్చేసరికి ఏమైందో తెలుసా?" అని ఆగి, నలుగురి మొహాలూ చూసి, గొంతు తగ్గించాడు. "శనివారం సాయంత్రం అయింది."

"వారం పట్టిందా?"

"వారమేంటి! ముందు రోజు శనివారం. ఆదివారం ఇంకా రాలేదు. గేటు మూసుంది. ఇంట్లో దీపం వెలుగుతోంది. సరే, రేపటిదాకా ఆగుదామని సందు చివర బండి పెట్టుకుని కూర్చున్నాను. తెల్లారాక గేటు తెరుచుకుంది. ఎవరొచ్చారనుకున్నారు? నేను! అదే చొక్కా, అదే బండి. నా కళ్లముందే బయల్దేరి పోయాను."

"పలకరించలేదా?" అన్నాడు డ్రైవరు, తనకి తెలియకుండానే.

"పలకరిద్దామంటే వాడు ఆగితే కదా తమ్ముడూ! అంత స్పీడు!"

షెడ్డు రేకులు అదిరిపోయాయి. రోడ్డు మీద పోతున్న వాళ్లు కూడా ఆగి చూశారు. "ఇదీ నా సలహా" అంటూ బాబాయి జేబులోంచి తాళం తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. "కొంటే ఇలాంటిదే కొనాలి."

తాళం చేతిలో పడగానే డ్రైవరు నవ్వు ఆగిపోయింది. గోడకి టికెట్టు కొట్టే సమయం ఇదే అనిపించింది. లేచి వెళ్లి కారు తలుపు తీశాడు. ముప్పై ఒక్కేళ్లుగా ఎక్కడమే తప్ప దిగి కూర్చోవడం తెలియని మనిషి. ఒక కాలు పెట్టి, నడుం వంచి, ఎలాగో లోపలికి జారాడు. ఇక అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. డ్యూటీ మారినప్పుడల్లా ముందు సీటు, తర్వాత అద్దం, ఆ తర్వాతే తాళం. ముందు డ్యూటీలో ఎవరు నడిపారో పేరు చెప్పక్కర్లేదు, సీటే చెబుతుంది.

ఈ సీటూ చెప్పింది.

ఆయన మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకున్నాయి. సీటు మొత్తం ముందుకి లాగి ఉంది. అద్దంలో చూస్తే రోడ్డు లేదు, తన చొక్కా రెండో గుండీ కనిపిస్తోంది. ఆయనేమీ పొడుగరి కాదు. బాబాయి ఆయన కంటే ఒక తల ఎత్తు ఎక్కువ. డ్రైవరు సీటు కింద తివాచీ ఎత్తాడు, పొడిగా ఉంది. చెయ్యి చాపి పక్క సీటు కింద ఎత్తాడు. తలుపు వైపు మూల తడి.

తల బయటపెట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు. "అన్నగారూ, చిన్న సందేహం. మేడ మీదకి ఎగిరింది, ఒప్పుకున్నాను. శనివారానికి వెళ్లొచ్చారు, ఒప్పుకున్నాను. ఇందాక దీన్ని ఇక్కడిదాకా నడుపుకుంటూ వచ్చారే, అప్పుడు మీ మోకాళ్లు ఎక్కడ పెట్టుకున్నారు?"

డ్రైవరు బాబాయి కాళ్ల వైపు వేలు చూపించాడు.

"టాపు కారేది పక్క సీటు వైపు. తడిసింది మీ ఎడమ బూటు. మరి నడిపిందెవరు?"

"నేను" అంది వెనకనుంచి ఒక గొంతు. మందుల సంచీ చేత్తో పట్టుకుని, డ్రైవరు భుజం ఎత్తు కూడా లేని ఒకావిడ నిలబడి ఉంది. "ఈయన్ని ఇక్కడ దించి మందుల షాపుకెళ్లాను. ఏం చెప్పారేమిటి? ఎగిరిందన్నారా?"

"ఆదివారం వెళ్లి శనివారం వచ్చారట పిన్నీ!" అంది టీకొట్టు అక్క.

"శనివారమా? పోయినవారం చెప్పినప్పుడు ఆ ఆదివారం సాయంత్రానికే వచ్చాం కదా. అయితే రోజు రోజుకీ స్పీడు పెరుగుతోంది."

ఈసారి నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు. మెకానిక్ బకెట్టు బోర్లించి దానిమీద కూలబడ్డాడు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి, చూపు బూటు మీదికి పోయింది.

ఆవిడ డ్రైవరు దగ్గరకొచ్చింది. "అన్నయ్యగారూ, ఉన్నమాట చెప్తా వినండి. బండి నాది, పదకొండేళ్లు నేనే నడిపాను. ఎక్కడా గుద్దలేదు. పొద్దున్నే రెండో గేరు మొరాయిస్తుంది, కాస్త వేడెక్కితే దారికొస్తుంది. టాపు నీళ్లు పోయే గొట్టంలో ఆకులు అడ్డం పడతాయి, సన్నటి తీగ పెట్టి తియ్యాలి. తీసినా ఆ మూల కారుతుంది. నేనెందుకు అమ్ముతున్నానంటే, నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. దిగి చూడండి, అదీ అసలు పరీక్ష."

డ్రైవరు దిగాడు. తలుపు పట్టుకుని, ఒక మూలుగు మూలిగి, నిలబడ్డాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు. మూడోసారికి మూలుగు తగ్గింది. తర్వాత ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టుకుని షెడ్డు చుట్టూ నాలుగు వీధులు తిరిగొచ్చాడు. రెండో గేరు ఆవిడ చెప్పినట్టే మొదట మొరాయించింది, తర్వాత దారికొచ్చింది. కుట్టుమిషను అమ్మినవాడు ఒక్క లోపం కూడా చెప్పలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి.

బాబాయి ఇంకా తల ఎత్తలేదు. డ్రైవరుకి జాలేసింది. వెళ్లి బెంచీ మీద మిగిలిన ఆ కాస్త చోటులో ఇరుక్కుని కూర్చున్నాడు. "మరి ఈ పదకొండేళ్లూ మీరేం చేశారు అన్నగారూ?"

"పక్కన కూర్చున్నాను" అన్నాడు బాబాయి. కోతలు కోసే గొంతు కాదది. "నాకు స్టీరింగు పడదు తమ్ముడూ, చేతులు వణుకుతాయి. ఆవిడ నడిపేది. లోపల ఎంత ఇరుకంటే, గేరు మార్చినప్పుడల్లా ఆవిడ చెయ్యి నా మోకాలికి తగిలేది. రెండో గేరుకి మరీనూ. ఆవిడ ముందుకి చూస్తుంటే నేను ఆవిణ్ని చూస్తూ కూర్చునేవాణ్ని. బూటు తడిసినా కాలు తియ్యబుద్ధయ్యేది కాదు." ఎడమ బూటు కొస నేలకి రాశాడు. "మౌనంగా కూర్చునేవాణ్నన్నాను చూడు, అది నిజం."

అక్క బాబాయి ముందు ఇంకో టీ పెట్టింది.

పదకొండింటికి రావాల్సిన పార్టీకి రావద్దని ఆవిడ కబురు చేసింది. డ్రైవరు కారు పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమైంది? కొన్నావా? మాటల్లో పెట్టారా?" అంది భార్య.

"పెట్టారు. అయినా కొన్నాను. వస్తున్నాను, వీధి చివరికొచ్చి నిలబడు" అన్నాడు. పెట్టేయబోయి, పక్క సీటు కేసి చూసి మళ్లీ అన్నాడు. "ఇదిగో, ఎడమకాలికి మాత్రం పాత చెప్పు వేసుకో."