ఒక్క గుక్క తాగిన కెంబాబజి

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న మా చైర్మన్ బిటారిహో గారికి, సోడా సీసాలకు కాపలా ఉన్నట్టు ఆయన పక్కనే కూర్చున్న పాస్టర్ గారికి, మా పెద్ద డాక్టర్ అసీమ్వె గారికి, నర్సమ్మలకు, నా చేత సూదులు పొడిపించుకుని కూడా నన్ను సాగనంపడానికి కొండలెక్కి వచ్చిన పెద్దలందరికీ ఈ కత్వేసిగ్యె నమస్కారాలు.

ఈ ఆరోగ్య కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు చిన్న డాక్టరుగా పనిచేశాను. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు నన్ను ఆకాశానికెత్తారు. చైర్మన్ గారైతే ‘మా కత్వేసిగ్యె నోట్లో నాలుక లేని మనిషి’ అని మెచ్చుకున్నారు. ఆ ఒక్కటీ నిజం. దాని గురించే చెప్పి కూర్చుంటాను.

మన కొండల్లో జబ్బులు రెండే. బతికితే మలేరియా, చస్తే ఎవరో విషం పెట్టారు. (నవ్వులు) విషాన్ని గుర్తుపట్టడం మీకు నేను నేర్పక్కర్లేదు. మొగుడు పోయిన ఆడది, నాలుగు చెక్కల మంచి భూమి ఉన్నది ఎవరో చూసుకుంటే చాలు, విషం ఆమె గోళ్ల కిందే ఉంటుంది. మా చదువు మాత్రం అంత తెలివైంది కాదు. ముందు రోగిని చూడమంది. ఊపిరి ఆడుతోందా, నాడి ఎలా కొట్టుకుంటోంది, కనుపాప ఎంతుంది, చెమట పడుతోందా, నోటి దగ్గర ఏం వాసన. ఆ తర్వాత ఏం తాగాడు, ఎంత తాగాడు, ఎప్పుడు తాగాడు, ఏ గిన్నెలోది తాగాడు అని అడగమంది. ఎవరు పోశారని అడగమని ఏ పుస్తకంలోనూ లేదు. మనం అడిగేది అదొక్కటే.

నాలుగేళ్ల కిందట చైర్మన్ గారి అమ్మాయి పెళ్లి. జొన్నబీరు కాచింది మొగుడు పోయి ఒంటరిగా ఉంటున్న కెంబాబజి. ఆమె చేతి బీరు లేకుండా ఇక్కడ పెళ్లేమిటి! పోసేవాళ్లు అందరి ముందూ ఒక గుక్క తాగి చూపించాలన్నది మన మర్యాద కదా, పాపం ఆమె తాగి చూపించింది. గంట తిరక్కుండా తొమ్మిదిమందిని ఊడదీసిన తలుపుల మీద మోసుకొచ్చారు. నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, వాంతులు, కండలు అదురుతున్నాయి. అప్పుడే కొత్తగా వచ్చిన మా అసీమ్వె గారు, ‘అంకుల్, తొమ్మిదిమందికీ మలేరియానే’ అన్నారు. ఒకే పెళ్లిలో, ఒకే గంటలో! దోమలకు ఎంత క్రమశిక్షణండీ! (నవ్వులు. డాక్టర్ గారూ నవ్వుతున్నారు, మంచి మనిషి.)

ఇంతలో ఒక పెద్దమ్మ చెంబు పట్టుకుని మీదపడింది. ‘పాలు పొయ్యి డాక్టరయ్యా, విషం విరిగిపోద్ది!’

‘స్పృహ లేనివాడికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయమ్మా.’

‘నీకేం తెలుసు! మా అత్త అట్టాగే బతికింది!’

ఆ చెంబు లాక్కునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కనుపాపలు చూస్తే కొర్రగింజంత ఉన్నాయి. దగ్గరికి వంగితే వెల్లుల్లి వాసన. ఆవులకు కొట్టే పిడుదుల మందు. బట్టలు విప్పించి ఒళ్లు కడిగించాం, ఛాతీలో గురగుర ఆగేదాకా అట్రోపిన్ సూదులు వేస్తూనే ఉన్నాం. ఎనిమిదిమంది లేచి కూర్చున్నారు. చైర్మన్ గారి బావమరిది కజూరా లేవలేదు. సరదా మనిషి, మూడు సొరకాయ బుర్రల నిండా తాగాడు. ఆయన కళ్లు నేనే మూశాను.

సాయంత్రానికి ఊరు తీర్పు చెప్పేసింది. ‘అది కూడా తాగిందిగా, దానికేం కాలేదేం? విరుగుడు మింగి వచ్చుంటది!’ చూశారా, తాగకపోతే విషం పెట్టినట్టు, తాగి బతికితే మరీ పెట్టినట్టు. ఒక గుక్కకూ మూడు బుర్రలకూ తేడా ఉంటుందని, ఒంట్లోకి ఎంత పోయిందన్నదే అసలు సంగతని ఎవరికీ తట్టలేదు. ఆమె కూడా తన ఇంటి వెనక నాలుగుసార్లు వాంతి చేసుకుంది. అది చూడ్డానికి ఎవరికి తీరిక?

గిన్నె ఏదని నేను అడిగాను. ఆమె కుండల్లోంచి బీరు వంచింది పెళ్లివారింటి పసుపురంగు ప్లాస్టిక్ డబ్బాలోకి. అంతకుముందు వారం దాకా అందులో ఉన్నది పిడుదుల మందు. బూడిదేసి మూడుసార్లు కడిగించానని చైర్మన్ గారే నాతో అన్నారు. వారి శుభ్రతకు వంక పెట్టలేం.

తర్వాత పంచాయతీ. చైర్మన్ గారు అందరి ముందూ నన్ను లేపి, ‘ఏమయ్యా, విషమేనా?’ అన్నారు.

‘విషమేనండి.’

‘చాలు, కూర్చో.’

కూర్చున్నాను. డబ్బా సంగతి నోటిదాకా వచ్చింది. బదిలీ చేయిస్తారని, పిల్లల చదువులు పోతాయని మింగేశాను. నాకు సిగ్గుగా ఉంది, ఈ నాలుగేళ్లూ సిగ్గుగానే ఉంది. ఆ వారమే ఆమెను ఊళ్లోంచి తరిమారు. సరస్సు అవతల తమ్ముడి పంచన బతుకుతోంది. నన్ను వీరుడనుకోకండి, నిన్ననే నా పింఛను కాగితం మీద సంతకం పడింది. (నవ్వులు)

కబురుపెడితే ఆమె వచ్చింది. అదిగో, తలుపు దగ్గర. చైర్మన్ గారూ, మీరు నాకు సెలవు కానుకగా ఇవ్వబోయే మేకను వెనక్కి తోలుకెళ్లండి. ఆమె తప్పేమీ లేదు, ఇంటికి రావచ్చు అని ఈ మైకులో చెప్పండి. చెప్పేదాకా నేను సెలవు తీసుకోను.

‘ఇప్పుడా కత్వేసిగ్యె, ఇది సమయమా?’

నాకు ఇదే సమయమండి, రేపటినుంచి నా చేతికి మైకు ఎవరిస్తారు?

(చైర్మన్ గారు లేచి మైకు అందుకున్నారు.) ‘డబ్బా నాదే. పొరపాటు నాదే. ఆమెను రమ్మనండి.’

ఏమ్మా కెంబాబజీ, విన్నావా?

‘విన్నాలే డాక్టరయ్యా. రమ్మంటే ఎందులోకి రావాలి? నా ఇంటి పైకప్పు రేకులు ఆయన పందుల కొట్టం మీదున్నాయి. ముందు అయ్యి దించమను.’

(నవ్వులు. చైర్మన్ గారు ఏదో గొణిగారు.) ఎన్ని రేకులో ఎవరికి గుర్తుందంటున్నారా? పద్నాలుగండి. మీవాళ్లు ఊడబీకుతుంటే ఇదే కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. అంతకుమించి ఏమీ చేయలేదు. శనివారం పొద్దున్నే నిచ్చెన తీసుకుని వస్తాను, ఇక నాకు వేరే పని లేదు. ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు, సెలవు.