పై ఊరి పలక

ఏప్రిల్ నెల, శనివారం పొద్దున్న ఏడుంబావు. కింది ఊరి చావడిలో ఫోను తొమెజి చేతిలో ఉంది. అవతల, పై ఊరి నుంచి మాట్లాడుతున్నది అతని చెల్లెలు మచికో.

"...వినపడలేదు. మళ్లీ చెప్పు."

"ముప్పై ఆరు."

"ముప్పై ఆరా?"

"ముప్పై ఆరు సెంటీమీటర్లు అన్నయ్యా. రెండుసార్లు చూశాను. కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి."

"స్కేలు మంచు కొలిచే పలక మీదే పెట్టావా? పక్కన నేల మీద గుచ్చలేదు కదా?"

"పలక మీదే. పెరట్లో మీ బావ ఎక్కడ పెట్టి వెళ్లాడో అక్కడే ఉంది. ఏడింటికే కొలిచాను. నువ్వు చెప్పినట్టే."

"ముప్పై ఆరు..."

"అవును, ముప్పై ఆరే."

"ముప్పై దాటితే వీళ్లు కదలరు. నీకు తెలుసుగా."

"తెలుసు. నిన్న నెగిషి గారే ఫోను చేసి చెప్పారు. పై ఊళ్లో ఒక్క రోజులో ముప్పై దాటి పడితే కనుమ దారిలో మంచు విరిగిపడుతుందట, మీ బావని వెతకడానికి దళం కుర్రాళ్లని పంపలేనన్నారు. మర్యాదగానే చెప్పారు పాపం. మూడుసార్లు క్షమించమన్నారు."

"ఇక్కడ పద్నాలుగు మంది తయారై కూర్చున్నారు. తాళ్లు, పారలు, వెదురు గడలు, అన్నీ బండి ఎక్కించేశారు. ఇంజను కూడా ఆపలేదు."

"వాళ్ల కోసం అన్నం ముద్దలు చేశాను. ముప్పై. ఒక్కోదాంట్లో ఉమె పండు ఊరగాయ పెట్టాను. గట్టిపడిపోతాయేమో."

"మచికో."

"ఊఁ."

"ఏడ్చావా?"

"లేదు. రావట్లేదు. మంగళవారం ఆయన వేసుకున్న చొక్కా ఉతికి ఆరేశాను, మీ మనవరాల్ని బళ్లో చేర్చినప్పుడు వేసుకున్నది. పొద్దున్న చూస్తే గడ్డకట్టి చెక్కలా నిలబడి ఉంది. దాన్ని చూశాకైనా వస్తుందనుకున్నా. రాలేదు. చేతులు మొద్దుబారతాయి చూడు, అలా లోపల కూడా మొద్దుబారిపోయింది."

"ఆ రోజు ఎంత హుషారుగా ఉన్నాడో. కోటూ పాలిష్ బూట్లూ వేసుకుని నేను హడావుడి పడుతుంటే, నువ్వు పద బావా అని అందరి మంచు లెక్కలూ తనే రాసుకున్నాడు."

"ఊఁ."

"పక్కింటి టొకి అవ్వ వచ్చిందా?"

"వచ్చింది. మిసో చారు తెచ్చింది. తాగాను. రుచి తెలియలేదు."

"తాగావుగా, చాలు. ఇదిగో, కనుమ మీద గుడిసెలో కట్టెలుంటాయి. పొయ్యి ఉంది. బావ ఆ గుడిసె చేరుకుని ఉంటే మూడు రాత్రులు ఒక లెక్క కాదు. నాలుగో రోజు మాత్రం..."

"నాలుగో రోజు ఇవాళే."

"తెలుసు. అందుకే అంటున్నా. ఇలా విను. మెల్లగా విను. నెగిషి బయట ఉన్నాడు, వినపడదు. ఇరవై తొమ్మిది అని చెప్పనా?"

"ఏమిటి ఇరవై తొమ్మిది?"

"నీ ముప్పై ఆరు. ఏడు సెంటీమీటర్లే కదా తేడా. గాలికి ఒక మూల ఎగిరిపోయిందనుకుందాం."

"వద్దు."

"ఎందుకు వద్దు? మీ ఆయన అక్కడ..."

"వద్దన్నయ్యా. ఆ పద్నాలుగు మందికీ ఇళ్లలో మనుషులున్నారు. పైగా ఈ ముప్పై ఏళ్లలో ఆయన ఒక్క సెంటీమీటరు మార్చి చెప్పాడా? మామగారు పోయిన రోజు కూడా పెరట్లోకి వెళ్లి కొలిచొచ్చి, అప్పుడు శవం దగ్గర కూర్చున్నాడు. ఆయన పలక మీద అబద్ధం చెప్పి ఆయన్ని వెతికిస్తే, దొరికాక మొదటి చీవాట్లు నాకే."

"దొరికాక అంటున్నావు. పోన్లే, ఆ మాట నీ నోట వచ్చింది."

"అలవాటుగా వచ్చింది. నమ్మి అన్లేదు."

"నా వల్లే కదా ఇదంతా."

"మళ్లీ మొదలుపెట్టకు."

"మొదలుపెట్టడమేమిటి, అదే తిరుగుతోంది బుర్రలో. బుధవారం పొద్దున్న బావ పదకొండు చెప్పాడు. నాకు పంతొమ్మిది వచ్చింది. పై ఊరి కంటే కింది ఊళ్లో ఎక్కువ మంచు! మా తాతల నాటి నుంచి లేని వింత. ఊరుకోవచ్చుగా నేను? ఊరుకుంటానా! 'ఏం రోకురో బావా, పెరట్లోకి దిగడానికి బద్ధకించి కిటికీలోంచి చూసి చెప్పావా' అన్నాను. అక్కడితో ఆగానా, చావడి గోడకి కాగితం అంటించాను. పై ఊరు పదకొండు, కింది ఊరు పంతొమ్మిది. పక్కన పళ్లికిలిస్తున్న బొమ్మ కూడా వేశాను."

"వంతెన దగ్గరి కొజిమా గారు ఫోను చేసి చెప్పారు ఆ బొమ్మ సంగతి. మీ బావ విని నవ్వాడు."

"నవ్వాడా?"

"నవ్వాడు. కోపం రాలేదు."

"కోపం రాకుండానే ఆ చలిలో కనుమ దాకా ఎక్కాడా?"

"కనుమ మీద కొలత కర్ర చూసి మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. పైకెళ్లే కొద్దీ ఎక్కువ పడిందని అక్కడ తేలిపోతే గొడవ వదిలిపోతుందన్నాడు. మంచుబూట్లు కట్టుకుని, బిస్కట్టొకటి నోట్లో పెట్టుకుని వెళ్లాడు. అప్పటికి ఎండ కూడా కాస్తోంది. పన్నెండింటికి మళ్లీ మొదలైంది."

"నాకు వచ్చింది మాత్రం పంతొమ్మిదే మచికో. నా చేత్తో నేనే కొలిచాను. అందులో అబద్ధం లేదు."

"నీది అబద్ధమని ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. కానీ కింద అంత ఎందుకు పడిందో నాకిప్పటికీ అంతుపట్టట్లేదు. ...ఆఁ నెగిషి గారూ, వస్తున్నా. చెల్లెలితోనే మాట్లాడుతున్నానండీ. మిగతా లెక్కలా? ఇవిగో. వంతెన దగ్గర కొజిమా గారికి మూడు. బడి దగ్గర ఐదు. నాకు నాలుగు. పై ఊరు... పై ఊరు చెప్తానండీ, ఒక్క నిమిషం. ...మచికో, ఉన్నావా?"

"ఉన్నా. కొజిమా గారికి మూడేనా?"

"మూడే. ఏం కురిసిందని అసలు? తెల్లారేసరికి ఆకాశం కూడా విచ్చింది."

"ఇక్కడా అంతే. నాకు నిద్ర ఎక్కడిది, కిటికీ దగ్గరే కూర్చున్నా. ఏదో రెండు మూడు విడతలు రాలింది, అంతే."

"రెండు మూడు విడతలు రాలితే ముప్పై ఆరెలా వస్తుంది?"

"ఏమో. పలక మీద ఉన్నదే చెప్పాను."

"నిన్న ఎంత చెప్పావు?"

"ముప్పై ఒకటి."

"మొన్న?"

"ఇరవై రెండు. మొన్న వెళ్లారుగా, గాలికి నిలబడలేక సగం దారిలో వెనక్కొచ్చేశారు."

"ఇరవై రెండు, ముప్పై ఒకటి, ముప్పై ఆరు... మచికో, కొలిచాక నువ్వేం చేస్తున్నావు?"

"ఏం చేస్తాను? లోపలికొచ్చి నీకు ఫోను చేస్తున్నా."

"నువ్వు కాదు. పలకని ఏం చేస్తున్నావు?"

"పలకనా? ఏమీ చెయ్యట్లేదు. దాని మానాన దాన్ని వదిలేస్తున్నా."

"తుడవట్లేదా?"

"తుడవాలా?"

"అయ్యో అయ్యో! తుడవాలా అంటావేమిటే! కొలిచిన వెంటనే దాని మీదున్నదంతా ఊడ్చేసి, శుభ్రంగా తుడిచి, మళ్లీ మంచు పైన పెట్టాలి. లేకపోతే మొన్నటిదీ నిన్నటిదీ ఇవాళ్టిదీ అన్నీ కలిసి ఒకే లెక్కలోకొస్తాయి. చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది! ముప్పై ఐదేళ్లు ఆ ఇంట్లో కాపురం చేసి..."

"ఆ పలక దగ్గరికి నన్నెప్పుడు రానిచ్చాడు? నీ అడుగులకి చుట్టూ మంచు అణిగిపోతుంది, గుమ్మం దిగకు అనేవాడు. ఎన్నింటికి కొలవాలో నువ్వు చెప్పావు, స్కేలు ఎలా పట్టుకోవాలో చెప్పావు. తుడవమని చెప్పలేదు."

"అది కూడా చెప్పాలా? ఊపిరి పీల్చమని చెప్తారా ఎవరైనా? తుడవకుండా ఎవరు కొలుస్తారు!"

"అరవకు. అంటే ఇవాళ్టిది..."

"ఐదు! ముప్పై ఆరులోంచి ముప్పై ఒకటి తీసెయ్. ఐదే! నెగిషి గారూ! నెగిషి గారూ, పై ఊరు ఐదండీ! అవును, ఐదు! ఒట్టు! ...పొరపాటు జరిగింది, పలక తుడవలేదు, తర్వాత చెప్తాను, ముందు మీరు కదలండి! ...కదిలారు మచికో. వినపడుతోందా బండి చప్పుడు? కదిలారు."

"వినపడింది."

"నలభై నిమిషాల్లో మీ ఇంటి ముందుంటారు. ఆ అన్నం ముద్దలు మూటకట్టి ఉంచు. ...మచికో? ఏమైంది?"

"అంటే నిన్న పడింది తొమ్మిది."

"నిన్నటి సంగతి ఇప్పుడెందుకు?"

"తొమ్మిదికైతే వెళ్లేవాళ్లు. నేను ముప్పై ఒకటి అన్నాననే ఆగిపోయారు. నిన్న మధ్యాహ్నం గాలి కూడా లేదు అన్నయ్యా. కనుమ ఇక్కడికి స్పష్టంగా కనపడింది. గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉన్నాను."

"ఆ మాట అనకు. నీకు తెలియదు. తెలియక చేసినదానికి..."

"చంటిపిల్లలకి కూడా తెలుస్తుందన్నావుగా."

"కంగారులో అన్నాను. తప్పు నాదే. నిన్న నేనైనా ఆలోచించాలి కదా. ఇక్కడ ఎనిమిది పడితే అక్కడ ముప్పై ఒకటేమిటని అడగొద్దూ? పై ఊళ్లో ఎప్పుడూ ఎక్కువే కదా అనుకుని ఊరుకున్నా. నీకేమీ తప్పు అంటదు. వింటున్నావా?"

"వింటున్నా."

"ఊరికే కూర్చోకు. ఏదో ఒక పని చెయ్యి. బావ పుస్తకంలో లెక్క దిద్దు. నిన్నటికి తొమ్మిది, ఇవాళ్టికి ఐదు. బావ వచ్చి చూసేసరికి అందులో తప్పు కనపడకూడదు."

"ఆయన పుస్తకం నేను ముట్టుకోలేదు. క్యాలెండరు మీద రాస్తున్నా."

"ఇప్పుడు తియ్యి. ఫోను పెట్టకు, నేను లైన్లోనే ఉంటాను."

"ఉండు. ...ఇదిగో. పెన్సిలు ఇందులోనే ఉంది. బుధవారం దగ్గర ఆగింది. పదకొండు అని ఉంది. పక్కన ఇంకేదో రాశాడు."

"ఏం రాశాడు?"

"అక్షరాలు మరీ చిన్నవి. ఉండు, కళ్లద్దాలు పెట్టుకోనీ. 'కింది ఊరు పంతొమ్మిది. నిన్న చెప్పిన పన్నెండు అందులోనే ఉంది, నిజంగా పడింది ఏడు. నిన్న తొమెజి కోటూ బూట్లూ వేసుకుని బడికి పరిగెత్తే తొందరలో ఉన్నాడు. అడిగితే అందరి ముందూ చిన్నబోతాడు, కాగితం కూడా అంటించేశాడు. కనుమ లెక్క తెచ్చి చూపిస్తే తనే తెలుసుకుని దిద్దుకుంటాడు.' ఇంతే ఉంది. అన్నయ్యా?"

"ఊఁ."

"మంగళవారం నువ్వు పలక తుడిచావు కదా?"