శైలేంద్రవారి సంబంధం

చిత్తూరులో వరదయ్య ఇంటి నడవ. తమ్ముడు పోయాక అతని కూతురు లోహితకు కన్యాదానం చెయ్యాల్సిన పెద్దదిక్కు ఆయనే. ఆ సంగతి ఆయన ఎవర్నీ మర్చిపోనివ్వడు. కాళ్ళయినా పట్టుకుని ఒప్పించాలని లోహిత, తన తల్లి మునిలక్ష్మిని వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చింది. అయిదు నిమిషాలకే ఆ ఆలోచన ఎగిరిపోయింది.

"నేను పీటల మింద కూర్చోను. అంతే. పోయిరాండి."

"కారణం చెప్పు పెదనాయనా. పిల్లోడు తాగతాడా, తిరగతాడా?"

"రవిచంద్రను నేనేమన్నా అన్నానా? పిల్లోడు బంగారం. వాళ్ళ ఇంటిపేరు చెప్పు. గట్టిగా చెప్పు, మీయమ్మ గూడా వినాల."

"చలివేంద్ర."

"సలివేంద్ర! దోవన పొయ్యేవాళ్ళకు చెంబుతో నీళ్ళు పోసినోళ్ళు. మనమెవురు? శైలేంద్ర. కొండకు రాజని అర్థం. మన పెద్దలు స్వామికి గొడుగు పట్టినోళ్ళు."

"ఆ గొడుగు ఎవురు సూసినారు?"

"లోహితా, గమ్మునుండు. బావా, పిల్ల కోపంలో ఏందో అంటాది, మనసులో పెట్టుకోవద్దండి. మన ఇల్లు పెద్దదే, వాళ్ళ ఇల్లు చిన్నదే. చిన్నింటికి పోయినా పిల్ల సుఖంగా ఉంటే సాలదా?"

"సాలదు మునిలక్ష్మీ. వచ్చే నెలలో మన సంఘం ఎన్నిక. శైలేంద్ర వరదయ్య తమ్ముని బిడ్డను నీళ్ళు పోసినోళ్ళకు ఇచ్చినాడంటే నా మొగాన ఉమ్మరా?"

"ఓహో, అదా! నీ కుర్చీ కోసరం నా పెండ్లి ఆపతావా?"

"నోరు! నాయన లేని పిల్లవని ఊరుకుంటాండా."

"మా నాయన ఉండుంటే నీ గడపే తొక్కేదాన్ని కాదు. మన రాజరికం సంగతి మా నాయన చెప్పినాడులే. మీ తాత బళ్ళో చేరేటప్పుడు..."

"లోహితా! గమ్మునుండమన్నానా? లెయ్, పోదాం."

"ఊరికే గమ్మునుండు గమ్మునుండు అంటావేందమ్మా? ఈయన అనొచ్చు, నేను అనకూడదా? విను పెదనాయనా. అయ్యవారు ఇంటిపేరేందిరా అన్నాడు. చలివేంద్ర అనాల్సింది మీ తాత మన యాసలో 'సలివేంద్ర' అన్నాడు. ఆ అయ్యవారు యాణ్ణించో వచ్చినోడు, మనోళ్ళు చ ని స అంటారని తెలీదు పాపం. ఏదో దేవుడి పేరనుకోని 'శైలేంద్ర' అని రాసుకున్నాడు. మన కొండా, మన గొడుగూ అంతా ఆయన చెవిలోనించి పుట్టినయ్యే!"

"అబద్ధం."

"మా నాయనకు అబద్ధమాడేంత తెలివి లేదని నువ్వే గదా అంటా ఉండేది?"

"అంటే, మనం గూడా నీళ్ళు పోసినోళ్ళమే అంటావు?"

"పోసినాం. సిగ్గేముండాది? కొండకు నడిసిపొయ్యే జనం దప్పికతో పడిపోకుండా పోసినాం. వాళ్ళూ పోసినారు, మనమూ పోసినాం. ఇంక ఎక్కువేంది, తక్కువేంది?"

"యాడ పోసినాం?"

"వడమాలపేటలో, రోడ్డు పక్కన."

"బావా, బస్సుకు టైమయింది, మేం..."

"నువ్వుండు మునిలక్ష్మీ. పాపా, రవిచంద్ర వాళ్ళది ఏ ఊరు?"

"వడమాలపేటే. తెలీనట్టు అడగతావేంది?"

"ఆ ఊర్లో సలివేంద్రాలు ఎన్ని ఉన్నింటాయి?"

"ఒకటే. ఆ రాతిపందిరి ఇంకా ఉండాది, నేను పోయి సూసినా. కావాలంటే నువ్వూ..."

"ఒకటే! ఒకే ఊరు, ఒకే పందిరి, ఒకే ఇంటిపేరు. అయితే వాళ్ళు మనకేమవుతారు? ఏమ్మా, ఇంతసేపూ లేసిన నోరు ఇప్పుడు లెయ్యదే?"

"పెదనాయనా, అది..."

"దాయాదులు! ఆ పిల్లోడు నీకు అన్న. అన్నను చేసుకుంటావా? నేను కూర్చోడం మాట అట్లుంచు, ఇంక పీటలే పడవు."

"అమ్మా... నీకు తెలుసా?"

"తెలుసు. మీ నాయన నాకు చెప్పకుండా నీకు చెప్పినాడా? ఎప్పుడు విడిపోయినారో ఎవురికీ తెలీదు. ఒకరింట్లో సావయితే ఇంకొకరు మైల పట్టిందీ లేదు. ఇంకేం వరసలే అని కడుపులో పెట్టుకున్నా. నీ పెండ్లికి నువ్వే నిప్పు పెట్టుకుంటివి."

"బాగుండాది! తల్లీకూతుళ్ళు కలిసి నా చేత వావివరసల్లేని పెండ్లి చేయించాలని సూస్తిరే! సాయంత్రమే సంఘానికి పోతా. అందరి ముందరా చెప్తా."

"చెప్పండి బావా. నేనూ వస్తా. ఏమని చెప్తారు?"

"ఏముండాది చెప్పేదానికి? రెండిళ్ళదీ ఒకే ఇంటిపేరని చెప్తా."

"ఏ ఇంటిపేరు?"

"ఏదంటే... మన..."

"మీ మామిడికాయల మండీ మింద శైలేంద్ర అని ఉండాది. ఈ గేటు మిందా అదే ఉండాది. శైలేంద్రోళ్ళ పిల్లకు ఆ అబ్బాయి మొగుడవుతాడు, సలివేంద్రోళ్ళ పిల్లకైతే అన్నవుతాడు. మనమెవురో మీరే చెప్పండి బావా."