పెళ్లికొడుకు కలిపిన వైర్లు

ఆర్మూరు పసుపు మార్కెట్ వెనుక, రేపు పెళ్లివారిని ధర్పల్లికి తీసుకెళ్లాల్సిన పాత లారీ ఆగి ఉంది. బండి కింద పెళ్లికొడుకైన మెకానిక్. పైన సీట్లో డ్రైవర్.

“నలుగు పెట్టినంక గడప దాటొద్దు తమ్మీ. మీ అమ్మ చూస్తే ఇద్దర్ని ఉతుకుతది!”

“నా పెండ్లి లారీకి ఇండికేటర్ నేను చెయ్యకుంటే ఎవరు చేస్తరన్నా? ఎడమకు మీట నొక్కు.”

“నొక్కిన. కుడిది వెలిగింది!”

“గట్లెట్లయితది? ఎర్ర వైరు ఎడమకు, నీలంది కుడికి, చూసే కలిపిన.”

“ఏదీ, నన్ను జూడనీ. ఓరి నీ! నీ చేతుల పసుపంటి రెండూ ఒక్కతీరే ఉన్నయ్ గద!”

“అవ్ గదనే! నేను ముడితే మల్ల అంటుతది. నువ్వే తుడిచి మార్చు, నేను పైకెక్కి మీట నొక్కుత.”

“మార్చిన, నొక్కు. ఎడమది వెలిగింది! ఇగ కుడికి నొక్కు. అదిగూడ వెలిగింది! మస్తు కొడుతున్నయ్ తమ్మీ! ఇగ ఇంటికి ఉరుకు.”

“నీ చేతులు చూస్కో అన్నా, పసుపే పసుపు. పెండ్లి కానోళ్లకు పెండ్లికొడుకు పసుపంటితే జల్ది పెండ్లయితదట.”

“నలభై దాటినంక నాకు పెండ్లారా?”

“నాకేం తెలుసు, మా అమ్మ చెప్తది. గా బకెట్ల నీళ్లున్నయ్, కడుక్కో.”

“వద్దులే. ధర్పల్లి పోయొచ్చేదాక ఉండనీ.”