మా ఇంటిపేరు పెట్టుకున్న పరాయివాడు

విన్నావుటయ్యా మొరీబా, మీ అత్తారి ఊరికి చరిత్ర ఉందట. ఇన్నేళ్లూ ఈ దోమల్లో పడి బతికాం గానీ మనకెవరూ చెప్పలేదు చూడు. పర్యాటక ఆఫీసు నుంచి ఓ అబ్బాయి, పెద్దలకి మర్యాదగా ఇచ్చే కోలా కాయలు పట్టుకొచ్చి మరీ చెప్పాడు.

రేవు దగ్గర బోర్డు పెడతారట. మా ముత్తాతల ముత్తాత సాన్యాంగ్ గుర్రమెక్కి వచ్చి, గాంబియా నది ఒడ్డున ఈ తెన్‌కోటో రాజ్యం స్థాపించాడట. రాజ్యమట. ఆయన పడవకి చిల్లు పడితే బాగు చేసుకోడానికి ఇక్కడ దిగాడు. ఒళ్లొంగని మనిషి కదా, బాగు చెయ్యనే లేదు. అదీ మా వంశ ప్రతాపం.

ఆ తర్వాతేముంది? ఉప్పు ఎగువకి పోయింది, తోళ్లూ మైనమూ దిగువకి పోయాయి. మనుషుల్నీ అమ్మారు. ఆ ముక్క మాత్రం చిన్న అక్షరాల్లో వెయ్యమన్నాడు మా మలాంగ్. మా అన్న కొడుకేలే, నువ్వు కన్నుమూశాక ఊరిపెద్దయ్యాడు. పొట్ట కూడా పెద్దదే అయింది.

ఆనక వేరుశెనగ. ఆ పంట కోసమే కదా నువ్వు మాలీ నుంచి నడిచొచ్చి మా నాన్న ఇంట దిగావు. నాలుగు నెలలుండి పోతానన్నావు. పోయావా? అంత నిక్కచ్చి మనిషివి మరి.

తర్వాత తారు రోడ్డు పడింది, లారీలొచ్చాయి, స్టీమరు ఆగిపోయింది. రేవు చెక్కలు ఊడబెరికి మా ఘనులు కోళ్లగూళ్లు కట్టుకున్నారు. ఇది బోర్డులో లేదు. నేనడిగాను.

అసలు సంగతి ఆ అబ్బాయి మసీదు ముందు కూర్చుని అట్టాయా టీ మూడో గ్లాసు తాగాక బయటపెట్టాడు. ఇక్కడ హోటలు కడతారట, పక్షుల్ని చూడ్డానికి తెల్లవాళ్లొస్తారట. నీదీ కలిపి ఈ సమాధులన్నీ తవ్వి రోడ్డు అవతలికి మారుస్తారట. మలాంగ్ ఏమన్నాడో తెలుసా? "ఇక్కడున్నదంతా సాన్యాంగులే, మా వాళ్లే, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. పళ్లన్నీ బయటపెట్టి మరీ అన్నాడు.

వాడి మాట అబద్ధమని ఎలా అంటావయ్యా? రేవుకొచ్చిన వాడు ఇక్కడ పోతే, దిక్కులేని వాడిలా పోకూడదని, దింపుకున్న ఇల్లు తన ఇంటిపేరిచ్చి పూడుస్తుంది. నీకూ అలాగే ఇచ్చాడు మా నాన్న. ఆ రోజు ఏడుస్తూనే ఎంత మురిసిపోయానో నీకేం తెలుసు, పడుకునున్నావు. ఆ తర్వాత నిన్నెవరైనా మాలీ వాడన్నారా, వాళ్ల ఏడుతరాలూ కడిగేశాను. బావి దగ్గర ఒకదాని జుట్టు కూడా పట్టుకున్నాను.

కానీ అతిథి సమాధిని ముట్టుకునే హక్కు ఇంటివాళ్లకి లేదు. అతని సొంతవాళ్లొచ్చి సరేనని మాటివ్వాలి. మలాంగ్‌కీ ఈ సంగతి తెలుసు, అందుకే అందర్నీ సాన్యాంగుల్లో కలిపేశాడు. తక్కినవాళ్ల అసలు పేర్లు గుర్తున్నవాళ్లెవరూ మిగల్లేదు, పాపం. నీ ఒక్కడిదీ నాకు గుర్తుంది.

లేచాను. మసీదు ముందు, ఊరంతా చూస్తుండగా చెప్పాను. "నా మొగుడు సాన్యాంగ్ కాదు. మొరీబా దాన్‌సోకో. మాలీ వాడు. మాకేమీ కాడు, పరాయివాడు" అని. బావి దగ్గర నా చేత జుట్టు పీకించుకున్నది కూడా అక్కడే ఉంది. ఒక్క మాట అనలేదు, తల దించుకుంది. అంటే బాగుండేది.

మలాంగ్ పళ్లు లోపలికెళ్లిపోయాయి. మీవాళ్లనెక్కడని వెతుకుతాడు? హోటలు గోడ కాస్త పక్కకి జరుపుతారట. నువ్వు ఇక్కడే ఉంటావు, నదిని చూసుకుంటూ. నీకిష్టం కదా.

నేను మాత్రం సాన్యాంగుల ఆడపడుచుని. రేపు నేను పోతే రోడ్డు అవతలే, అక్కడికి మార్చే మా నాన్న పక్కన పెడతారు. పరాయివాడి పక్కన ఎందుకు పెడతారయ్యా, నేనే చెప్పాను కదా.