కుంకుళ్లతో కడిగిన బాతు

(నారాయణఖేడ్ దాపున ఒక చెరువు గట్టు. పటేళ్ల కాలం. పొద్దు వాలుతుండగా, ఆ చెరువు నీళ్లు చూసుకునే నీరడి దేవప్ప గుడిసె ముందుకు పటేలు చిన్నకోడలు సంగమ్మ ఉరికొచ్చింది. చంకలో మూతపెట్టిన గంప.)

“నన్ను చూసి తలుపు మూసినవేంది కాకా? జర తియ్యి.”

“నిన్నటిదాంక దేవప్పనే, ఇయ్యాల కాకనైన్నా? గీడనే చెప్పు పటేలమ్మా. ఏముంది గంపల?”

“అడవి బాతు. మా ఇంటికొచ్చిన షికారి చుట్టాలు తుపాకులు పేల్చిరి గదా, దీని రెక్కకు తాకింది. గడ్డివాము కాడ పడ్డది. పది దినాల సంది దాచిన.”

“దాచినవా? పడ్డ పిట్టలన్నీ ఇంటికి తెచ్చియ్యాలెనని మీ మామ నాకు హుకుం చేసిండు.”

“మామకెరుక లేదు. అత్తకిప్పుడే తెలిసింది. మసాల నూరుతుంది కాకా! నా బిడ్డ నాలుగేండ్లది, బాతును కోస్తె బువ్వ ముట్టనని గంప పట్టుకొని ఒక్కతీరుగ ఏడుస్తుంది. నీళ్లు తాపుకొస్తనని చెప్పి ఉరికొచ్చిన. నువ్వు పెట్టుకో.”

“నాకెందుకు? మెడ విరిచి అత్తకియ్యి.”

“గా మాట నీకెట్లొచ్చింది?”

“నా గుడిసె చూసి రమ్మని పటేలు తోలిండా?”

“బిడ్డ మీద ఒట్టు. నేనే వచ్చిన.”

“ఒట్లు పెట్టకు. పో.”

“యాడికి పోవాలె? చన్నమ్మోళ్ల ఇంటి బాతులల్ల కలపాల్నా?”

“కలిపితె పొడిచి చంపుతయి. ఎండలు ముదరకముందే దీని మంద లేసి దూరదేశం పోతది. రెక్క నిలబడితె అండ్లనే పోవాలె. ఇంటి బాతును చేస్తవా దాన్ని?”

“నువ్వు వద్దంటివి, ఇంట్ల కత్తి పెట్టుకొని కూసున్నరు. ఇగ చెరువుల్నే ఇడుస్త. దాని నీళ్లల్ల అదుంటది. పసుపు, ఆముదం పెట్టి కట్టు కట్టిన, పొద్దుగాలనే జిడ్డు పోవాలెనని బిడ్డకు పోసినట్టు కుంకుడు రసంతోటి తానం గూడ—”

“ఆగు! ఆగు తల్లీ! నీళ్లల్ల పెట్టకు!”

“ఏంది? బాతు కాదా ఇది?”

“బాతే. కుంకుళ్లతోటి దాని ఈకల నూనె మొత్తం పోయింది. ఇప్పుడు ఈకలు నీళ్లు గుంజుతయి. బరువై మునుగుతది. మళ్ల తోక మొదట్ల ఊరే నూనెను దాని ముక్కుతోటి అదే రాసుకోవాలె. అందాంక పొడిగ, ఎచ్చగ ఉంచాలె.”

“అయ్యో... అత్త చేతిల నుంచి గుంజుకొచ్చి నేనే చంపుతుంటి గదా! నా చేతుల్తోనే...”

“ఏడ్వకు. తెల్వక చేసినవు. మొదటిదాన్ని నేను గూడ గట్లనే ముంచుకున్న.”

“మొదటిదాన్నా? కాకా, మొదటిదన్నవు.”

“ఏమన్లే. గాలికన్న.”

“లోపట ఏందో సప్పుడైతుంది.”

“ఎలుకలు.”

“ఎలుకలు గట్ల అరుస్తయా?”

“అరుస్తయి. పో పటేలమ్మా, నీ కాల్మొక్త.”

“నేను మామకు చెప్తనా కాకా? చెప్తె నా గంపల ఉన్నది బతుకుతదా?”

“గట్టు మీద ఎవ్వలన్న ఉన్నరా, చూడు.”

“ఎవ్వల్లేరు.”

“వంగి రా. అడుగు చూసి పెట్టు. కింద పదకొండున్నయి.”